మిగులు లేని ఇల్లు

చచ్చిపోయిన మనిషి నా ఫోనులో ఇంకా నవ్వుతున్నాడు. పొద్దున చాయ్ తాగుతూ ఏదో వంట వీడియో చూస్తుంటే మధ్యలో ప్రకటన వచ్చింది. భుజాన గుడ్డసంచి, సంచిలోంచి తొంగిచూస్తున్న తోటకూర, మెడ దాకా గుండీలు పెట్టుకున్న తెల్ల చొక్కా. "మా ఇంట్ల మెతుకు గూడ పారేయం బిడ్డా" అని కెమెరాకేసి వేలూపి నవ్వుతాడు. కింద పెద్ద అక్షరాలు: మిగులు లేని ఇల్లు. ఆయన పోయి చాలా రోజులైంది. ఆ ప్రకటన తీసెయ్యాలని మా పాత కంపెనీలో ఎవరికీ తోచలేదు. దాన్ని దాటేయాలంటే కాసేపు ఆగాలి, ఆ కాసేపూ నా ఒళ్ళు మండుతూనే ఉంటుంది.

ఆయన మీద కోపంతోనే ఇది రాస్తున్నాను. ఆ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే ఆయన గురించి మొదలుపెడితే విన్నవాళ్ళంతా ఆయన్ని ఇష్టపడతారు. నేనూ ఇష్టపడ్డాను. చెడ్డవాడైతే నాలుగు తిట్లు తిట్టి చేతులు దులుపుకోవచ్చు. ఈయన్ని తిట్టబోతే ఆ ఇంట్లో తిన్న పచ్చిపులుసు గుర్తుకొస్తుంది, అది వండిన చెయ్యి గుర్తుకొస్తుంది, కోపం ఇంకా పెరుగుతుంది.

అప్పట్లో నేను పనిచేసే కంపెనీ, ఇంట్లో తిండి సంగతులన్నీ చూసుకునే యాప్ ఒకటి తయారుచేస్తోంది. ఏం సరుకులున్నాయో, ఏది ఎప్పుడు పాడవుతుందో, ఈ పూట ఎంత వండాలో ఫోనే చెబుతుంది. తిన్నాక గిన్నెలకు ఫొటో తీస్తే, మిగిలినదెంతో అంచనా కట్టి, మరుసటి పూట అంత తగ్గించి వండమంటుంది. మిగిలితే తెర మీద ఎర్రరంగు, మిగలకపోతే పచ్చరంగు. నా పని యూజర్ టెస్టింగ్. మామూలు మనుషుల ఇళ్ళకు వెళ్ళి, ఫోను వాళ్ళ చేతికిచ్చి, ఎక్కడ తడబడుతున్నారో చూడడం. వాళ్ళు మనసులో మాట పైకి అంటూ వాడాలి, మనం నోరు మూసుకుని చూడాలి. అది నొక్కండి, ఇది తప్పు అని అనకూడదు. ఆ పనికి ప్రాణమే ఆ నియమం అని మాకు నేర్పారు.

ఆఫీసులో మిగతావాళ్ళంతా తాము ఉండే పెద్ద పెద్ద అపార్టుమెంట్లలోనే పరీక్షలు కానిచ్చారు. పాతబస్తీ ఇల్లు ఒకటి కావాలన్నప్పుడు, నేను ఇటువైపు పిల్లనని నన్ను పంపారు. మాకు దూరపు ఎరుక ఉన్న ఇల్లు, గౌలిపురలో. సందు చివర ఇప్పటికీ రెండు బర్రెలు కట్టేసి ఉంటాయి, వాటిని తప్పించుకుని వెళ్ళాలి. ఆయన సర్కారు ప్రెస్సులో పనిచేసి రిటైరైన మనిషి. భార్య, పెళ్ళి కావలసిన ఇద్దరు కొడుకులు. పెద్దవాడు పత్తర్‌గట్టిలో బట్టల దుకాణంలో పనిచేస్తాడు, చిన్నవాడు మోటారు మెకానిక్.

"నమస్తే సార్" అన్నాను.

"సార్ ఏంది బిడ్డా, నేనేమన్న ఆఫీసరునా? బాపు అను. ముందుగాల అన్నం తిను, ఎన్క నీ ఫోను సంగతి జూద్దాం."

అదీ ఆయన. ఆ ఇంటి గుమ్మం ఎక్కినవాళ్ళెవరైనా సరే, ముందు కంచం. గ్యాస్ బండ తెచ్చినవాడు కూర్చునేవాడు, కరెంటు మీటరు చూడడానికి వచ్చినవాడు కూర్చునేవాడు. గుడిమల్కాపూర్‌లో తనకు టమాటాలు అమ్మే భాయ్ ఒకసారి ఆ దారిన పోతుంటే చెయ్యి పట్టి లాక్కొచ్చి కూర్చోబెట్టాడు. "వచ్చినోళ్ళ ముంగట అన్నం పెడితేనే ఇల్లు, లేకపోతే గోడలే" అనేవాడు. వచ్చినవాళ్ళలో ఎవరైనా మొహమాటానికి, అమ్మ తినలేదా అని అడిగితే ఆయన దగ్గర సిద్ధంగా ఒక మాట ఉండేది.

"గంటె చేతిల ఉన్నోళ్ళకు ఆకలేంది?"

అందరూ నవ్వేవాళ్ళు. గంటె పట్టుకున్నావిడ కూడా కొంచెం నవ్వేది, నవ్వి ఇంకో గంటెడు వడ్డించేది. మొదటిసారి నేనూ నవ్వాను. వినడానికి బాగుండే మాటలతోనే చిక్కు, అందులో ఏముందో ఎవరూ చూడరు.

ఫోను చేతికిచ్చాను. తెర మీద బొటనవేలు పెట్టి గట్టిగా అదిమి, వెనక్కి వాలి, ఎవరో తలుపు తీస్తారన్నట్టు ఎదురుచూసేవాడు. తెర మారగానే "ఆఁ, తెరిచిండు" అనేవాడు. లోపల ఒక మనిషి ఉన్నాడన్నట్టే మాట్లాడేవాడు. ఇలాంటి మనిషి దొరకడం మా పనిలో అదృష్టం, మనసులో ఏదీ దాచుకోడు. ఫ్రిజ్‌లో ఏమున్నాయో ఎక్కించమన్నాను. ఫ్రిజ్ హాల్లోనే ఉంది, పైన ఎంబ్రాయిడరీ గుడ్డ కప్పి. తలుపు తీసి నిలబడి వంటింటి వైపు కేకేశాడు.

"ఏమే, గీ డబ్బాల ఏమున్నది?"

"చింతపండు గుజ్జు."

"గీ కవర్ల?"

"మెంతికూర. రేపటికి ఒడిలిపోతది, ఇయ్యాల వండుత."

ప్రతిదీ అంతే. ఫోను ఆయనది, జవాబులు ఆమెవి. ఆయన వంటింటి గడప దాటగా నేనెప్పుడూ చూడలేదు. సంచి తెచ్చి గడప మీద పెట్టేవాడు, లోపలినుంచి ఒక చెయ్యి వచ్చి తీసుకునేది. ఉప్పు డబ్బా ఎక్కడుందో ఆయనకు తెలియదు, తెలియదని సిగ్గూ లేదు.

తరువాత తెర, ఇంట్లో ఎంతమంది తింటారు అన్నది. ఆయన గోడకేసి చూసి వేళ్ళు ముడిచాడు. "నేనొక్కన్ని, పెద్దోడు, చిన్నోడు. ముగ్గురం." మూడు పేర్లూ ఎక్కించి నొక్కేశాడు.

వంటింట్లో గిన్నెల చప్పుడు వినబడుతూనే ఉంది. నియమం ప్రకారం నేను తప్పు దిద్దకూడదు, కానీ ఆఖర్న ప్రశ్న అడగవచ్చు. అడిగాను. "ఇంట్లో ఇంకెవరన్నా తినేవాళ్ళు ఉన్నారా బాపు?"

ఆయన నిజంగా ఆలోచించాడు. నుదురు రుద్దుకున్నాడు. "మా అక్క అప్పుడప్పుడు వస్తది. వచ్చినప్పుడు ఎక్కిస్త, ఎక్కియ్యొచ్చు గదా?"

ఆ ఆలోచించిన ముఖం నేను మరచిపోలేను. దాచిపెట్టినవాడి ముఖమైతే పట్టుకోవచ్చు. అందులో మోసం లేదు, ఏమీ లేదు. ఆమె ఆ లెక్కలోకి వచ్చే మనిషే కాదు, అంతే.

కూరగాయల మార్కెట్లో ఆయన ఇంకో మనిషి. కొనుగోలు ఎలా చేస్తారో చూడాలని పొద్దున్నే ఆయనతో గుడిమల్కాపూర్ వెళ్ళాను. కొత్తిమీర కట్టను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తాడు. బెండకాయ చివర టక్కున విరుస్తాడు. "క్యా భాయ్, కల్ కా మాల్ దేరే?" అని నిన్నటి సరుకు అంటగడుతున్నందుకు దబాయిస్తాడు. "చాచా, భిండీ మత్ తోడో" అని, కాయలు విరవొద్దని వాడు మొత్తుకుంటాడు. విరిచిన కాయలన్నీ మళ్ళీ ఈయనే కొంటాడు, విరిచింది వదిలేసిపోతే పాపమంటాడు. దారిలో బస్తాలు మోసే ఒక ముసలాయన నీరసంగా కూర్చుని ఉంటే, ఏం తిన్నవని అడిగి, ఇడ్లీ బండి దాకా తీసుకెళ్ళి తినేదాకా పక్కన నిలబడ్డాడు. ముక్కూ మొహం తెలియని మనిషి ఆకలి, బజారులో అంత దూరం నుంచి కనబడింది ఆయనకు. అందుకే నాకు కోపం. కళ్ళు లేనివాడైతే, కనబడలేదులే అనుకోవచ్చు.

కొన్ని వారాల తరువాత మళ్ళీ వెళ్ళాను. యాప్‌ను ఆయన నిష్ఠగా వాడుతున్నాడని ఆఫీసులో అందరూ మురిసిపోతున్నారు. మొదట్లో అన్నీ ఎర్రరంగులే, తరువాత పూటపూటకూ పచ్చ. వెళ్ళేసరికి ఆయన వంటింటి గడప ముందు నిలబడి ఫోను చూసి చదువుతున్నాడు.

"మూడు గ్లాసులు గాదే, రెండే పొయ్యిమంటున్నది. బిడ్డ గూడ తింటది గదా, ఇంకో గుప్పెడు ఎయ్యి."

లోపలినుంచి బియ్యం గ్లాసు చప్పుడు వినబడింది.

చాప పరిచి కూర్చున్నాం. ఆయన, ఇద్దరు కొడుకులు, నేను. దొండకాయ కూర, పప్పు, పచ్చిపులుసు. ఆమె వంగి వంగి వడ్డించింది. గిన్నె అడుగు గీకి నా కంచంలో వేసింది. తినడం అయింది, లేవబోతుంటే ఆయన "ఆగుండ్రి, ఆగుండ్రి" అని, ఎంగిలి చెయ్యి పైకెత్తి పట్టుకుని, ఎడమచేత్తో గిన్నెలకు ఫొటో తీశాడు. అన్నీ అద్దాల్లా ఉన్నాయి. పచ్చరంగు వచ్చింది.

"జూసినవా బిడ్డా, మెతుకు లేదు."

అప్పుడు నాకు విషయం అర్థమైంది, ఒక్కసారిగా అరికాలి మంట నెత్తికెక్కింది. మగవాళ్ళు చేతులు కడుక్కునే వేళకు ఆ గిన్నెల్లో ఉండేది మిగులు కాదు. అది ఆమె అన్నం. ఆ ఇంట్లో ఆమె ఎప్పుడూ అందరూ లేచాక గిన్నె ముందు పెట్టుకుని తినేది. మొదట్లో వచ్చిన ఎర్రరంగులన్నీ ఆమె పూటలు. మా యాప్ ఆమె కంచానికి ఫొటో తీసి, వృథా అని పేరు పెట్టి, పూటపూటకూ కొంచెం కొంచెం కోసేసింది. ఆయన నిష్ఠగా గడప ముందు నిలబడి ఆ కోత చదివి వినిపించాడు. ఇన్నాళ్ళూ అందాజుగా వండి తనకింత ఉంచుకున్న మనిషికి, ఆ అందాజు కూడా లేకుండా పోయింది.

నా కంచం పెట్టే నెపంతో వంటింట్లోకి వెళ్ళాను. ఆమె పొయ్యి పక్కన నిలబడి చాయ్‌లో బన్ను ముంచుకుని తింటోంది. నన్ను చూసి కప్పు గ్యాస్ బండ వెనక పెట్టింది. తన వంటింట్లో తాను తింటూ దొరికిపోయినట్టు అయింది ఆమె ముఖం.

నేను హాల్లోకి వచ్చి నియమాన్ని గంగలో కలిపాను. "బాపు, పెద్దమ్మ ఇంకా అన్నం తినలేదు. గిన్నెలో ఏమీ లేదు."

"తింటది బిడ్డా. గంటె చేతిల ఉన్నోళ్ళకు..."

"గంటెకు అందాలంటే గిన్నెలో ఉండాలె గదా బాపు."

ఆయన నవ్వు ఆగిపోయింది. కొడుకులు ఫోన్లలోంచి తలెత్తారు. "మా ఇంట్ల ఆడోళ్ళకు తిండి లేదంటున్నవా? మా అన్నం తిని మా ఇంట్లనే లొల్లి పెడ్తున్నవా?" అన్నాడు. అంతమందికి అన్నం పెట్టిన మనిషికి అంతకన్న పెద్ద తిట్టు ఉండదు, అది నాకూ తెలుసు. వంటింటి వైపు తిరిగి కేకేశాడు. "ఏమే, నువ్వు తిన్నవా, లేదా?"

లోపల కుళాయి తిప్పిన చప్పుడైంది.

"తిన్న."

"ఇన్నవా?" అని ఆయన నా వైపు చూశాడు. గెలిచినట్టు కాదు, నిజంగా బరువు దిగినట్టు. "తిన్నదట."

నేను మళ్ళీ వంటింట్లోకి వెళ్ళాను. ఈసారి కోపం ఆమె మీద. ఎందుకు అబద్ధం చెప్పారని అడిగాను. ఆమె కప్పు కడుగుతూ, వెనక్కి తిరగకుండా చెప్పింది. "నీ ముంగట ఆయనను తక్కువ చెయ్యాల్నా?"

"అయితే నేను లేనప్పుడన్నా చెప్పండి."

"ఏమని చెప్పాలె? ఆకలైతుందని నా ఇంట్ల నేను నోరు తెరిచి అడుక్కోవాల్నా బిడ్డా? ఇన్నేండ్ల సంది ఆయన కండ్ల ముంగటనే తిరుగుతున్న. కనబడాలె గదా." అప్పుడు తిరిగింది. నేను ఏడుపు ముఖం అనుకున్నాను. కాదు. ఆమెకు మస్తు కోపంగా ఉంది, నాకన్న ఎక్కువ, నా కోపం కన్న పాతది. "నేను చెప్తే పెడ్తడు. ఆయన మంచోడే. చెప్పకుంటనే పెట్టాలెనని నా పట్టుదల. ఎవరు ముందు దిగొస్తరో జూద్దాం."

ఎవరూ దిగిరాలేదు.

ఆఫీసులో ఈ సంగతి చెప్పాను. తెర మీద ఆ ఫొటోలన్నీ వరసగా పెట్టి, ఇది మిగులు కాదు, ఒక మనిషి భోజనం అని చూపించాను. చాలా ఇళ్ళలో ఆడవాళ్ళు ఆఖర్న తింటారు, మగవాళ్ళు లేచినప్పుడు ఫొటో తీయమంటే ఇలాగే అవుతుంది, అడగవలసిన ప్రశ్నే మార్చాలి అన్నాను. మా మేనేజరు శ్రద్ధగా విన్నాడు. విని, "ప్లస్ బటన్ ఉంది కదా, ఆవిడ పేరు యాడ్ చేసుకోవచ్చు కదా" అన్నాడు.

ఆ ప్లస్ బటన్ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా పళ్ళు పటపటమంటాయి. బటన్ అందరికీ ఉంది. గంటె కూడా ఆమె చేతిలోనే ఉంది. తప్పు ఎప్పుడూ ఆమె చేతిదే అన్నమాట. ఆయన గౌలిపుర గడప ముందు చెప్పిన మాటనే ఈయన చల్లటి గదిలో కూర్చుని ఇంగ్లీషు కలిపి చెప్పాడు. ఇద్దరూ మంచివాళ్ళే. అది ఒక ఇంటి విషయమని, మనం సంఘసంస్కర్తలం కాదని కూడా అన్నాడు. ఆపైన అంత పచ్చరంగు ఇంకే ఇంట్లోనూ రాలేదని, ప్రకటన బాపుతోనే తీయాలని నిర్ణయించారు.

తీసిన రోజు నేనూ ఉన్నాను. ఆయన కొత్త చొక్కా వేసుకున్నాడు, నాతో మాట్లాడలేదు గాని, "బిడ్డకు చాయ్ ఇయ్యిండ్రి" అని కొడుకుతో అన్నాడు. అలిగినా చాయ్ మానడు. ఆమె పట్టుచీర కట్టుకుని, ఎవరు చెప్పారో గాని, గంటె పట్టుకుని ఫ్రిజ్ పక్కన వచ్చి నిలబడింది. కెమెరా పట్టినతను రెండుసార్లు చూసి, "అమ్మా, జర పక్కకు, ఫ్రిజ్ కనబడతలేదు" అన్నాడు. ఆమె పక్కకు జరిగింది. ఇంకొంచెం అన్నాడు. ఇంకొంచెం జరిగింది. మూడోసారి ఎవరూ చెప్పకుండానే వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను అక్కడున్న అందరినీ వరసబెట్టి తిట్టాను, నన్ను బయట కూర్చోమన్నారు. కొన్నాళ్ళకు ఆ ఉద్యోగం మానేశాను. ఉంటే రోజూ ఎవరో ఒకరి గొంతు పట్టుకునేదాన్ని.

ఆయన గుడిమల్కాపూర్ నుంచి వస్తూ బస్సులోనే పోయాడు. గుండె ఆగిపోయింది. దినాలన్నీ అయ్యాక వెళ్ళాను. సందులో బర్రెల దగ్గరే పక్కింటాయన ఎదురై కళ్ళు తుడుచుకున్నాడు. "ఏం మనిషమ్మా, ఆ కడప తొక్కినోళ్ళు ఒక్కరన్న ఆకలితోని పోయిండ్రా?" లేదు. నిజమే. తొక్కి పోయినవాళ్ళెవరూ ఆకలితో పోలేదు. ఆ గడప లోపలే ఉండిపోయిన మనిషి గురించి ఆ సందులో ఎవరూ అడగరు. నేను తలూపాను, పోయినవాడి సందులో నిలబడి ఇంకేం అనగలను.

ఇంట్లో పెద్దకొడుకు ఒక్కడే ఉన్నాడు, చాప మీద, తండ్రి ఫోను ముందు పెట్టుకుని. వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అక్కా, మంచిగ వచ్చినవు. గిది పూటపూటకు మోగుతున్నది. ముగ్గురికి గింత వండుండ్రి, ముగ్గురికి గింత వండుండ్రి అని. నాతోని అయితలేదు. బాపు పేరు ఎట్ల తీసేయాలె?"

ఫోను తీసుకున్నాను. తెర మీద మూడు పేర్లు, ఆనాడు నా ముందు ఆయన ఎక్కించినవే. మొదటిది ఆయనది. దాని పక్కన తీసివేసే గుర్తు ఉంది. నొక్కితే ఇద్దరు మిగులుతారు. చచ్చిపోయిన మనిషిని తీసెయ్యడానికి ఒక గుర్తు ఉంది, బతికున్న మనిషి ఆ తెర మీదికి ఇంకా ఎక్కనే లేదు. నా వేలు ముందుకు పోలేదు.

వంటింట్లోంచి ఆమె వచ్చింది, ఒక చేతిలో అన్నం గిన్నె, ఒక చేతిలో గంటె. చిక్కిపోయింది. గాజుల్లేని చేతులు ఇంకా సన్నగా కనబడుతున్నాయి.

"ఏం జేస్తున్నరు?"

"బాపు పేరు తీసేస్తున్నమమ్మా."

"తీసెయ్యకురా."

కొడుకు ముఖం ముడుచుకుపోయింది, అమ్మ ఇక ఏడుస్తుందని. ఆమె గొంతులో ఏడుపు లేదు. "ఆ జాగల నన్ను ఎక్కియ్యి" అంది.

వాడికి అర్థం కాలేదు. గోడకేసి చూసి నిజంగా ఆలోచించాడు. నుదురు రుద్దుకున్నాడు, అచ్చం తండ్రిలాగే. "నిన్నెందుకమ్మా? నువ్వు ఎట్లన్న ఇంట్లనే ఉంటవు గదా."

నేను నోరు తెరిచాను. ఈసారి నన్ను ఆపే నియమమేదీ లేదు, నాలుక చివర అన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఆమె నా వైపు చూడనైనా చూడలేదు. గిన్నె తెచ్చి కొడుకు ముందు పెట్టింది.

"గంటె చేతిల ఉన్నోళ్ళకు ఆకలుండదని మీ బాపు అంటుండె. ఇగో, పట్టు."

గంటె వాడి చేతిలో పెట్టి, తానే వెళ్ళి ఒక కంచం తెచ్చుకుని, చాప మీద ఆయన కూర్చునే చోట కూర్చుంది. కొంగు ఒళ్ళో సర్దుకుంది.

వాడు గంటె గిన్నెలో ముంచాడు. ముంచి ఆగిపోయాడు. ఇన్నేళ్ళు ఆ చేతి అన్నం తిన్నవాడికి, ఆమె ఎంత తింటుందో తెలియదు. ఫోనుకేసి చూశాడు, అందులోనూ లేదు. నా వైపు చూశాడు, నేను చెప్పదలచుకోలేదు.

"ఎంత ఎయ్యాలెనమ్మా?"

"నేను చాలనేదాక."